రాచకొండ: కోట పోయింది, గుట్టలు మిగిలాయి



ఈ సంచికలో మన పాటల గురించి, పండుగల గురించి, బట్టల మీది అద్దాల కుట్టు గురించి పెద్దలు రాశారు. మేము ఒక కోట గురించి రాస్తున్నాం. ఆ కోట మన జాతి కట్టింది కాదు. అందులో మనవాళ్లు రాజ్యమేలలేదు. అయినా ఆ కోట శిథిలాల మధ్య ఈనాడు పొయ్యి వెలిగించేది, మేకలు కాసేది, కందులు, జొన్నలు పండించేది ఎక్కువగా మన తండాల వాళ్లే. అందుకే దాని చరిత్ర మనకు తెలిసి ఉండాలని మా ఉద్దేశం.

ఆ కోట రాచకొండ. పాత నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. హైదరాబాద్‌కు సుమారు 60 కిలోమీటర్లు. 2016లో రాజధాని చుట్టుపక్కల ప్రాంతాలకు ఏర్పాటు చేసిన పోలీసు కమిషనరేట్‌కు ఈ పేరే పెట్టారు. అలా రాచకొండ పేరు పట్నం గోడల మీదికి, పోలీసు బండ్ల మీదికి ఎక్కింది. పేరు తెలిసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ పేరుతో ఒకప్పుడు ఒక రాజధాని ఉండేదని, అక్కడ రాజులు కవులను పోషించారని, చెరువులు తవ్వించారని తెలిసినవాళ్లు తక్కువ.

ఒక సేవకుడి పేరు

ముందు ఆ రాజుల కథ. వాళ్లను రేచర్ల పద్మనాయకులు అంటారు. వెలమ రాజులు అని కూడా అంటారు. వాళ్ల వంశచరిత్ర ‘వెలుగోటివారి వంశావళి’ అనే పాత గ్రంథంలో ఉంది. దానిని నేలటూరి వెంకటరమణయ్య గారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చువేసింది. ఈ వంశం మొదట ఆమనగల్లు, పిల్లలమర్రి ప్రాంతాలకు చెందింది. రెండూ పాత నల్లగొండ జిల్లాలోవే.

‘రేచర్ల’ అనే గోత్రం ఎలా వచ్చిందో చెప్పే ఐతిహ్యం ఒకటి ఉంది. వంశానికి మూలపురుషుడైన చెవ్విరెడ్డికి ఒక నిధి కనబడింది. నరబలి ఇస్తేనే అది చేతికి వస్తుందని తేలింది. అప్పుడు అతని దగ్గర పనిచేసే రేచడు అనే దళిత సేవకుడు తానే బలి కావడానికి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు: మీ వంశానికి నా పేరు పెట్టుకోవాలి. యజమాని మాట ఇచ్చాడు. ఆ మాట ప్రకారమే వంశానికి రేచర్ల గోత్రం అయిందని కథ.

ఇది జరిగిన సంగతిగా మేము చెప్పడం లేదు, ఐతిహ్యంగానే చెబుతున్నాం. కానీ ఐతిహ్యం కూడా ఒక సాక్ష్యమే. ఒక పెద్ద రాజవంశం తన పుట్టుక గురించి తానే చెప్పుకున్న కథలో, సంపదకు మూలం ఒక పేదవాడి ప్రాణం అని ఒప్పుకుంది. కోటల చరిత్ర చదివేటప్పుడు రాజుల పేర్ల వెనుక రేచడి లాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో వెతకాలి. రాచకొండ అనే మాటలో రాజు ఉన్నాడు. రేచర్ల అనే మాటలో సేవకుడు ఉన్నాడు. ఆ ఇద్దరి చరిత్రా ఆ గుట్టల్లోనే ఉంది.

కొండ మీద రాజధాని

1323లో ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లును పట్టుకోవడంతో కాకతీయ రాజ్యం కూలిపోయింది. కాకతీయుల కింద పనిచేసిన నాయకులు ఎవరికి వాళ్లు బలం కూడగట్టుకున్నారు. ముసునూరి నాయకులు ఓరుగల్లులో, రెడ్డి రాజులు కోస్తా వైపు, రేచర్ల వాళ్లు మన నల్లగొండ వైపు నిలబడ్డారు. రేచర్ల సింగమనాయకుడు 1361 ప్రాంతంలో జల్లిపల్లి కోట ముట్టడి సమయంలో ద్రోహానికి గురై చనిపోయాడు. అతని కొడుకులు అనపోతానాయకుడు, మాదానాయకుడు తండ్రిని చంపించిన వాళ్ల మీద పగ తీర్చుకున్నారు. 1368 ప్రాంతంలో ఓరుగల్లు దగ్గరి భీమవరం యుద్ధంలో ముసునూరి కాపయనాయకుడు కూడా అనపోతానాయకుడి చేతిలో ఓడి ప్రాణాలు కోల్పోయాడు. దానితో తెలంగాణలో పెద్ద భాగం రేచర్ల వాళ్లదయింది.

అనపోతానాయకుడు ఆమనగల్లు నుంచి రాజధానిని రాచకొండకు మార్చాడు. తమ్ముడు మాదానాయకుడు దక్షిణాన దేవరకొండలో ఉండి పాలించాడు. అంటే అన్న రాచకొండలో, తమ్ముడు దేవరకొండలో. నల్లమల అంచున, పాత మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం దాకా మాదానాయకుడి శాసనం కనిపిస్తుంది. అంటే ఇప్పటి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎగువ భూములు రెండూ ఈ అన్నదమ్ముల ఏలుబడిని చూశాయి.

మైదానంలో ఉన్న ఊరు వదిలి రాళ్ల గుట్టల్లోకి రాజధాని ఎందుకు మార్చారు? ఓరుగల్లు అనుభవం వాళ్ల కళ్ల ముందే ఉంది. మైదానపు కోటను పెద్ద సైన్యం చుట్టుముట్టి కూర్చుంటే లోపలివాళ్లు ఎంతకాలం నిలవగలరు? రాచకొండలో గుట్టలే సగం గోడ. రెండు గుట్టల మధ్య సందు ఉన్నచోట గోడ కట్టి దర్వాజ పెడితే చాలు. బండలు అక్కడే ఉన్నాయి, దూరం నుంచి మోసుకురావలసిన పని లేదు. బండల గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి. చుట్టూ అడవి. శత్రువు గుర్రపుదళం ఆ ఇరుకు దారుల్లో పరిగెత్తలేదు.

ఇక ఆ గోడలు ఎలా కట్టారో చూడండి. బండలో వరసగా చిన్న గాడులు కొట్టి, మేకులు దిగగొట్టి రాయిని చీల్చడం మన ప్రాంతపు పాత పద్ధతి. ఇప్పటికీ మన ఊళ్ల దగ్గర పాత బండల అంచున ఆ గాడుల వరస పళ్ల వరసలా కనిపిస్తుంది. అట్లా చీల్చిన పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి, అంచుకు అంచు కలిపి పేర్చారు. రాతి బరువే గోడను నిలబెట్టింది. రాతిపని, మట్టిపని, చెరువుపని మన ప్రాంతంలో తరతరాలుగా వడ్డెర కులస్తులు చేస్తూ వచ్చారు. అలాంటి పనివాళ్ల చెమట లేకుండా ఏ గోడా లేవదు. శాసనాల్లో రాజుల పేర్లు, దానాలు కనిపిస్తాయి. రాయి కొట్టిన చేతుల పేర్లు రాయి మీద ఉండవు.

కవిత్వం, చెరువులు

రాచకొండ అంటే యుద్ధాలు మాత్రమే కాదు. అనపోతానాయకుడి తర్వాత అతని కొడుకు సింగభూపాలుడు పాలించాడు. ఆయనకు ‘సర్వజ్ఞ’ అనే బిరుదు. నాటకం గురించి, రసం గురించి ఆయన సంస్కృతంలో రాసిన ‘రసార్ణవ సుధాకరం’ను ఈనాటికీ నాట్యశాస్త్రం చదివేవాళ్లు చదువుతున్నారు. ఆయన ఆస్థానంలోని విశ్వేశ్వర కవి ‘చమత్కార చంద్రిక’ రాశాడు. ‘నవనాథ చరిత్ర’ రాసిన గౌరన రేచర్ల రాజుల కొలువులో మంత్రులుగా ఉన్న కుటుంబంలో పుట్టాడు. శ్రీనాథుడు ఈ ఆస్థానానికి వచ్చాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఇప్పుడు మనవాళ్ల మేకలు మేసే ఆ గుట్టల మధ్యే ఒకప్పుడు నాటకం ఎలా ఉండాలో చర్చ జరిగింది.

రాచకొండ రాజులు చెరువులకు సముద్రాలని పేరు పెట్టారు. అనపోతసముద్రం, రాయసముద్రం అలాంటి పేర్లే. నదులు లేని ఎగువ భూముల్లో వాన నీటిని గొలుసు చెరువులుగా ఆపుకోవడం కాకతీయుల నుంచి వచ్చిన పద్ధతి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరుతుంది. కోట సైన్యాన్ని ఆపడానికి, చెరువు నీటిని ఆపడానికి. రెండింటిలో ఎక్కువకాలం నిలిచింది చెరువే.

కోట ఎలా మాయమైంది

కోట ఒక్కరోజులో కూలలేదు. ఉత్తరాన బహమనీ సుల్తానులు, దక్షిణాన విజయనగర రాజులు, తూర్పున ఒరిస్సా గజపతులు. ఈ మూడు పెద్ద శక్తుల మధ్య రాచకొండ, దేవరకొండ ఇరుక్కుపోయాయి. చాలాకాలం వెలమ రాజులు బహమనీలతో స్నేహంగా ఉన్నారు. 1417 నుంచి మొదలైన పానుగల్లు ముట్టడి సమయంలో పక్షం మార్చి విజయనగరం వైపు చేరారు. ఆ పానుగల్లు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, వనపర్తి దగ్గర ఉంది. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా అక్కడ ఘోరంగా దెబ్బతిన్నాడు. తర్వాత వచ్చిన సుల్తానులు దాన్ని మరిచిపోలేదు. తెలంగాణ మీద దండయాత్రలు వరసగా జరిగాయి.

1459లో బహమనీ సైన్యం దేవరకొండను ముట్టడించింది. గజపతుల సైన్యం సాయానికి రావడంతో బహమనీలు ఓడిపోయారు. అది చివరి పెద్ద విజయం. ఆ తర్వాత వెలమ రాజుల బలం సన్నగిల్లింది. 16వ శతాబ్దం మొదట్లో గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యం స్థాపించిన కులీ కుతుబ్ షా రాచకొండ, దేవరకొండ, పానుగల్లు, ఘనపురం, కోయిలకొండ కోటలను తన రాజ్యంలో కలుపుకున్నాడు. రేచర్ల వంశపు శాఖలు చెదిరిపోయాయి. నెల్లూరు వైపు వెంకటగిరి రాజులు, మహబూబ్‌నగర్‌లో కొల్లాపురం కేంద్రంగా ఏలిన జటప్రోలు సంస్థానం వారు తమ మూలాలను ఈ వంశంలోనే చెప్పుకున్నారు.

రాజు పోతే రాజధాని ఎందుకు పోతుంది? రాచకొండ వ్యాపారపు కూడలి కాదు, రక్షణ కోసం ఎంచుకున్న చోటు. గోల్కొండ, 1591 తర్వాత హైదరాబాద్ పెద్ద పట్టణాలయ్యాక దారులన్నీ అటు తిరిగాయి. సైనికుడికి జీతమిచ్చే దొర లేడు. అంగడిలో కొనేవాడు లేడు. కవికి సభ లేదు. మనుషులు ఒక్కొక్కరే దిగిపోయారు. కోటల్లో రాతిగోడ నిలుస్తుంది కానీ కట్టె, మట్టి, ఇటుక, సున్నంతో కట్టిన ఇండ్లు పైకప్పు పోయిన కొన్ని వానలకే కరిగిపోతాయి. ఊడిన రాళ్లు గుడికో, బావికో, ఇంటి గడపకో పోతాయి. అలా రాజమందిరం, బజారు, కొలువు అన్నీ మాయమయ్యాయి. నేడు మిగిలినవి దర్వాజలు, గోడల ముక్కలు, గుడులు, బావులు, కుంటలు, శాసనాలు, మరి కొన్ని పేర్లు.

మనం ఎప్పుడు వచ్చాం?

ఇక్కడ మన చరిత్ర మొదలవుతుంది. ఈ మధ్య కొందరు యువకులు ఏ పాత కోట కనబడినా ‘ఇది మా పూర్వీకులదే’ అని ఫోన్లలో పోస్టులు పెడుతున్నారు. అభిమానం మంచిదే. కానీ రుజువు లేని మాటతో పెంచిన గొప్పతనం ఎదుటివాడు ఒక్క ప్రశ్న అడిగితే కూలిపోతుంది. మనకు అరువు గొప్ప అవసరం లేదు. నిజమైన చరిత్రే చాలినంత ఉంది.

మన లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన వ్యాపారులు. 17వ శతాబ్దంలో మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు చేరవేసింది మన బంజారా బిడారులే. వేల ఎద్దులతో నడిచే ఆ బిడారు పేరే టాండా. అదే ఇప్పుడు మన ఊరి పేరయింది. రాజులు మారినా, సైన్యాలు మారినా అందరికీ గింజలు కావాలి. 1799 మైసూరు యుద్ధంలో, 1803 మరాఠా యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం కూడా బంజారాల ఎద్దుల మీదే ఆధారపడింది. కోటలను పట్టుకున్న వాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ కోటల కింద నెలల తరబడి కూర్చున్న సైన్యానికి తిండి ఎవరు మోశారో తెలుసుకుంటే మన స్థానం ఎక్కడో తెలుస్తుంది.

తర్వాత రైలు వచ్చింది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా, 1889కి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. ఎద్దు మోసే బరువును రైలు పెట్టె మోసింది. మన వృత్తి పోయింది. అదే కాలంలో, 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది. ఆ చట్టం స్వతంత్ర భారతంలో 1952లో రద్దయింది. ముద్ర మాత్రం జనం మనసుల్లో ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

వృత్తి పోయిన మనవాళ్లకు కావలసింది పశువులకు మేత, నీళ్లు, ఎవరూ తరమని చోటు. రాజులు విడిచిన గుట్టల్లో ఆ మూడూ ఉన్నాయి. రాజధానికి గుట్ట ఎందుకు పనికి వచ్చిందో తండాకూ అందుకే పనికి వచ్చింది: నీళ్లు, మేత, రక్షణ. రాచకొండ చుట్టూ తండాల పేర్లు వినండి. ఐదుదోనల తండా. దోన అంటే బండలో వాననీళ్లు నిలిచే గుంట. కడీలబాయి తండా. కడీ అంటే రాతి స్తంభం, బాయి అంటే బావి. మన ఊరి పేర్లలో నీళ్ల జాడలున్నాయి, రాతి జాడలున్నాయి. అంటే మనవాళ్లు ఆ గుట్టల్లో కళ్లు మూసుకుని బతకలేదు. చూసినదానికి పేరు పెట్టుకుని, ఆ పేరునే ఊరు చేసుకున్నారు.

మనకంటే ముందు నుంచి అడవిలో ఉన్నవాళ్లను కూడా తలచుకోవాలి. మహబూబ్‌నగర్ వైపు నల్లమలలో, అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులు ఉన్నారు. శ్రీశైలం దారిలో అడవి మధ్య ప్రతాపరుద్ర కోట గోడలు ఇంకా కనిపిస్తాయి. ఆ అడవి దారులు చెంచులకు తెలిసినట్టు మరొకరికి తెలియవు. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు చెంచుల మధ్య ఉండి చదివి 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. బయటి నుంచి వచ్చిన మనిషి రాసే దాకా వాళ్ల మాట పుస్తకంలోకి ఎక్కలేదు. మన మాట మనమే రాసుకోవాలని చెప్పడానికి ఇది చాలదా?

గుట్టల రెండో చరిత్ర

రాజులు పోయాక గుట్టల చరిత్ర ఆగలేదు. 1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా గుండెకాయ. రాచకొండ గుట్టలు దళాలకు చోటిచ్చాయి. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో ధర్మాపురం తండాకు చెందిన జాటోతు ఠానూ నాయక్ దొరల మీద భూమి కోసం పోరాడి ప్రాణమిచ్చాడు. కోట మీది నుంచి మనుషులను ఆపడానికి కట్టిన గోడలు దొరల నుంచి తప్పించుకున్న మనుషులను దాచిపెట్టాయి.

తర్వాత, 1976లో చేసిన చట్ట సవరణతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలు కూడా షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. ఒకప్పుడు మాదానాయకుడు ఏలిన దేవరకొండ ఇప్పుడు ఎస్టీలకు కేటాయించిన అసెంబ్లీ స్థానం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఒకప్పుడు కోట దర్వాజ దగ్గర ఆగి నిలబడవలసిన వాళ్ల పిల్లలు ఇప్పుడు ఆ గుట్ట కింద సర్పంచులుగా సంతకం పెడుతున్నారు.

కానీ గుట్ట మీద కన్ను వేసేవాళ్లు పోలేదు. 1990లలో సైన్యం కాల్పుల శిక్షణ కోసం రాచకొండ గుట్టల్లో ఫైరింగ్ రేంజ్ పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. తండాల వాళ్లు, పౌరహక్కుల వాళ్లు కలిసి వ్యతిరేకించారు. అది ముందుకు సాగలేదు. 2014 డిసెంబరులో ముఖ్యమంత్రి హెలికాప్టర్‌లో తిరిగి ఈ గుట్టలను చూశారు. ఫిల్మ్ సిటీ వంటివి కడతామన్న ప్రకటన వచ్చింది. పట్నం పెరిగేకొద్దీ భూమి ధర పెరుగుతుంది. పైనుంచి చూసేవాళ్లకు రాచకొండ ఖాళీ బండల గుట్టలా కనిపిస్తుంది. అక్కడ మనుషులు ఉన్నారని, వాళ్లకు ఆ నేలతో ఎంతకాలపు సంబంధమో చెప్పగలిగితేనే ‘ఖాళీ’ అన్న మాటకు మనం జవాబివ్వగలం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కు అడిగేవాళ్లకు పెద్దల మాట, పాత బావులు, సమాధులు, దేవుని గద్దెలు కూడా ఆధారాలుగా చూపడానికి వీలుంది. అంటే చరిత్ర తెలిసి ఉండడం గొప్ప కోసం మాత్రమే కాదు. ఆ చరిత్రలో మన పట్టా కాగితం కూడా దాగి ఉండవచ్చు.

దూరదేశపు ఒక గోడ

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ ‘గ్రేట్ జింబాబ్వే’ అనే పెద్ద రాతి కట్టడం ఉంది. రాచకొండలాగే సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినదే. అది 15వ శతాబ్దం దాకా వెలిగిన పట్టణం, అంటే మన రాచకొండ రాజుల కాలం దాకా. తెల్లవాళ్లు వచ్చి చూసి, ఆఫ్రికా నల్లజాతి వాళ్లు ఇంత పెద్ద గోడ కట్టలేరు, ఎవరో బయటి నుంచి వచ్చి కట్టి ఉంటారు అని ప్రచారం చేశారు. 1905లో ఒకసారి, 1929లో మరోసారి తవ్వకాలు చేసిన పండితులు అది స్థానికులు కట్టిందేనని నిరూపించారు. 1980లో ఆ దేశం స్వతంత్రం అయినప్పుడు ఆ గోడ పేరే దేశానికి పెట్టుకున్నారు.

అక్కడ కట్టినవాళ్ల దగ్గర నుంచి చరిత్రను లాక్కోవాలని చూశారు. నిజం ముందు అది నిలవలేదు. అందుకే మేము చెప్పేది: ఎవరి చరిత్రా మనం లాక్కోవద్దు, మన చరిత్ర ఎవరూ లాక్కోకుండా చూసుకుందాం. రాచకొండను కట్టించింది రేచర్ల రాజులు. కట్టింది రాయి కొట్టిన కూలీలు. ఆ గుట్టల్లో బతుకు నిలబెట్టింది మన తండాలు. మూడు మాటలూ నిజమే. మూడింటినీ కలిపి చెబితేనే చరిత్ర పూర్తవుతుంది.

నిధి ఎక్కడ ఉంది

రాచకొండకు ఇప్పుడున్న పెద్ద బెడద గుప్తనిధుల పిచ్చి. రేచడి కథ కాలం నుంచి ఈనాటి దాకా నిధి ఆశ మనిషిని వదలలేదు. రాత్రిపూట గుడుల్లో గద్దెలు పెకిలిస్తారు, నంది కింద తవ్వుతారు, శాసనం ఉన్న రాయిని పగలగొడతారు. కూలి డబ్బు ఆశ చూపి మన పిల్లల చేతికే గడ్డపార ఇస్తారు. పట్టుబడితే కేసు అయ్యేది కూడా మన పిల్లల మీదే. పాతకాలపు ముద్ర మళ్లీ మన మీద పడడానికి అది చాలు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దొరికిన, 10 రూపాయలకు మించిన విలువ గల నిధి సంగతి కలెక్టరుకు తెలపాలి, దాచుకుంటే నేరం. 2017లో తెలంగాణ ప్రభుత్వం వారసత్వ కట్టడాల రక్షణకు సొంత చట్టం కూడా చేసుకుంది.

శాసనం ఉన్న రాయి పగిలితే ఎంత పోతుందో ఆలోచించండి. ఆ రాయి మీద ఒక సంవత్సరం ఉంటుంది, ఒక చెరువు పేరు ఉంటుంది, దానికి ఇచ్చిన భూమి కొలత ఉంటుంది. బంగారు నాణెం దొరికితే ఒక ఇంటికి నాలుగు రోజులు తిండి. శాసనం పోతే ఒక ఊరి ఆరు వందల ఏళ్ల జ్ఞాపకం పోతుంది.

మీరు చేయగలిగిన పనులు

చివరగా మన యువతను కొన్ని పనులు అడుగుతున్నాం. పెద్ద చదువు, పెద్ద డబ్బు అవసరం లేనివే అడుగుతున్నాం.

మొదటిది పేర్లు. మీ తండా చుట్టూ ఉన్న ప్రతి గుట్టకు, కుంటకు, దోనకు, దర్వాజకు, చెట్టుకు మీ యాడి, బాపు, దాది, దాదా ఏ పేరు పెట్టి పిలుస్తారో రాసుకోండి. తెలుగులో ఒక పేరు, గోర్ బోలిలో మరో పేరు ఉంటే రెండూ రాయండి. ఎందుకు ఆ పేరు వచ్చిందని అడగండి. మేకలు కాసిన ముసలివాళ్లకు తెలిసినన్ని పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. వాళ్లు ఒక్కొక్కరే మనల్ని విడిచిపోతున్నారు.

రెండోది ఫోటోలు. చెక్కడాలు, అక్షరాలు ఉన్న రాళ్లు కనబడితే సున్నం పూయకుండా, రంగు వేయకుండా, పసుపు నూనె రాయకుండా ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో తీస్తే అక్షరాలు బాగా కనబడతాయి. చోటు గుర్తు రాసి పెట్టుకుని, పురావస్తు శాఖకు, మీ బడి సాంఘికశాస్త్రం సారుకు చూపండి.

మూడోది కాపలా. గుడి దగ్గర, గోడ దగ్గర తవ్వకం కనబడితే తండా పెద్దలకు చెప్పండి, పంచాయతీలో తీర్మానం చేయించండి. గడ్డపార పట్టమని ఎవరైనా అడిగితే ‘వద్దు’ అనండి.

నాలుగోది మాట. బయటినుంచి ట్రెక్కింగ్‌కు వచ్చే పట్నం పిల్లలు ఆదివారం ఆ గుట్టలు ఎక్కుతుంటారు. వాళ్లకు దారి చూపేవాళ్లు మన తండాల పిల్లలే కావాలి. వాళ్లకు అనపోతానాయకుడి గురించి చెప్పండి, సర్వజ్ఞ సింగభూపాలుడి గురించి చెప్పండి, రేచడి గురించి చెప్పండి. ఆ తర్వాత ఐదుదోనల తండాకు ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా చెప్పండి.

రాచకొండ రాజులు గోడలు కట్టించారు, గోడలు పడిపోయాయి. చెరువులు తవ్వించారు, వాటిలో వాన పడితే ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. మన పెద్దలు గోడలూ కట్టలేదు, చెరువులూ తవ్వించలేదు. వాళ్లు మనకు ఇచ్చినవి పేర్లు, దారులు, మాటలు. వాటిని ఈ తరం రాసిపెట్టుకుంటే అవి నిలుస్తాయి. మీ తండాలో రాసిన పేర్లు, తీసిన ఫోటోలు పోగుచేసి మన సంఘానికి పంపండి. వచ్చే సంచికలో ‘మన గుట్టల పేర్లు’ అని మీ పేరు మీదనే అచ్చువేస్తాం.

జై సేవాలాల్.